పసుపునీళ్లు తాగిన కారు

మొన్న మా కొత్త కారు మొరాయించింది. మెకానిక్ వచ్చి, బానెట్ కూడా ఎత్తకుండా స్టీరింగ్ కింద ఒక తీగ గుచ్చి, చేతిలోని తెర మీద ఏదో చదివి, సెన్సార్ పోయిందని చెప్పి వెళ్లిపోయాడు. తిట్టుకున్నవాళ్లు లేరు, తోసినవాళ్లు లేరు. పక్కింటివాళ్లు కనీసం తొంగి చూడలేదు. కారు ఇంత చప్పగా కూడా చెడిపోతుందా అనిపించింది. సిద్దిపేటలో మేం బాపు అని పిలిచే మా నాన్న కారు ఆగిపోయిందంటే మా వీధిలో అందరూ డాక్టర్లే. ఆ పాత తెల్ల కారు మీద నాకున్న కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ముఖ్యంగా ఆ దసరా నాటి కోపం.

నిజానికి ఆ కారు బాపు ఒక్కడిదే కాదు. నారాయణరావుపేటలో ఉండే బాపు వాళ్లన్న, అంటే మా పెదబాపూ, బాపూ కలిసి ఉన్నప్పుడు ఇష్టపడి కొనుక్కున్నది. నడిపేది పెదబాపు, పక్కన కూర్చుని తప్పులు పట్టేది బాపు. తర్వాత పొలం గెట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. పంపకాల్లో పెదబాపుకు బావి కింది మడి, బాపుకు కారు వచ్చాయి. మాటలు మాత్రం బందయ్యాయి. మా దగ్గర దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమంటూ పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు. ఆ పూట ఎంత పగ ఉన్నా పక్కన పెడతారు. బాపు కూడా ప్రతి దసరాకూ జమ్మి జేబులో వేసుకుని అన్న దగ్గరికని బయలుదేరేవాడు. అన్న ఊరి పొలిమేర దాకా పోయి, వేపచెట్టు కింద కారు ఆపి, కూర్చుని ఆలోచించేవాడు. ఆలోచిస్తే పాత కోపం గుర్తొచ్చేది, కారు వెనక్కి తిప్పేవాడు. ఆ ఏడు పెదబాపు గుండెకు స్టెంటు వేశారని తెలిసింది. ఈసారి కూడా జమ్మి ఇవ్వకపోతే ఇక ఇవ్వగలనో లేదోనని బాపుకు భయం పట్టుకుంది.

పండుగకు నేనూ, మా ఆయనా వచ్చి ఉన్నాం. పొద్దున వాహన పూజ. బాపు కారు కడిగి బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాడు. అమ్మకు అది సరిపోలేదు. "పనిజేసేది లోపలున్న ఇంజినే గదా, బయటి డబ్బకు బొట్టు వెడితే దానికేం ముడుతది?" అని బానెట్ ఎత్తించి, చెంబెడు పసుపునీళ్లు భక్తిగా ఇంజిన్ మీద కుమ్మరించింది. చాలదని ఇంకో చెంబు కూడా. దేవుడి పనికి అడ్డు చెప్పేదెవరు? అందరం దండం పెట్టుకున్నాం.

సాయంత్రం జమ్మి పూజ నుంచి వచ్చి, బాపు కొత్త కండువా సర్దుకుని తాళం తిప్పాడు. కారు కుయ్యి కుయ్యిమని ఏడ్చిందే గానీ అంటుకోలేదు. పక్కింటి రిటైర్డ్ సారు వచ్చి పెట్రోల్ లేదన్నాడు. ఉందన్నాం. అయితే ఎక్కువైందన్నాడు. మా ఆయన ఫోన్‌లో వీడియోలు చూసి ప్లగ్గులు ఊడదీయాలన్నాడు. దేనితో ఊడదీస్తాం? పానాలు, స్క్రూడ్రైవర్లు, సుత్తె అన్నీ బొట్లు పెట్టించుకుని దేవుడి గదిలో పూజలో కూర్చున్నాయి. తెల్లారేదాకా వాటిని ముట్టరాదని అమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. మెకానిక్‌కు ఫోన్ చేస్తే అతనిదీ అదే పాట: "పానాలు పూజల వెట్టిన సార్, రేపొస్త." పోనీ ఆటోలో పోదామంటే బాపు ఇంతెత్తున లేచాడు. "కలిసి కొన్న బండి ఇంట్ల వెట్టి, అన్న ముంగట ఆటోల దిగాల్నా?" మళ్లీ తాళం, మళ్లీ ఏడుపు. పొద్దు వాలిపోతోంది, బాపు జేబులో జమ్మి వాడిపోతోంది. ఆ కారును ఏ చెరువులోనో తోసేయాలనిపించింది నాకు, వీలైతే బాపుతో సహా.

చివరికి అమ్మకే విసుగు పుట్టింది. "గా బండి గుణం ఎరికైనోడు ఒక్కడే ఉన్నడు" అంటూ తన ఫోన్‌లో పెదబాపు నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి బాపు చేతిలో కుక్కింది.

"అన్నా... బండి చాలూ అయితలేదు" అన్నాడు బాపు. ఏళ్ల తర్వాత అన్నతో మాట్లాడిన మొదటి మాట అది.

"పండుగ పూట ఏడికి బయలెల్లినవ్‌రా?" అన్నాడు పెదబాపు.

"గీడికే... నీ తానికే."

పెదబాపు వెంటనే, "సెల్ఫు కొట్టు. ఫోను ఇంజిన్ కాడ వెట్టు, నేను వింట" అన్నాడు.

విన్నాడు. విని తిట్టడం మొదలుపెట్టాడు. "ఇంజిన్ మీద నీళ్లు వోసిన్రా?" అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లావు వైర్లు వోయే నల్ల మూత ఉంటది, సూడు. పానా అక్కర్లే, క్లిప్పులు చేత్తోనే ఊడుతయ్." మా ఆయన మూత ఊడదీస్తే లోపలంతా పసుపు తడి. బాపు మారు మాట్లాడకుండా కొత్త కండువా తీసి ఇచ్చాడు. తుడిచి, బిగించి, తాళం తిప్పితే ఈసారి ఏడుపు కూడా లేదు. మేం తిప్పీ తిప్పీ బ్యాటరీని చంపేశాం. "ఇగ తొయ్యిన్రి. రెండో గేర్ల వెట్టి వాలుకు ఇడువు" అంది ఫోను. పండుగ బట్టల్లో అల్లుడు, రిటైర్డ్ సారు, నేను కలిసి తోశాం. వీధి చివర అది ఒక్క ఎగురు ఎగిరి, దగ్గి, నల్లటి పొగ కక్కి అంటుకుంది.

మేం పరుగెత్తి ఎక్కుతుంటే పెదబాపు ఇంకా అరుస్తున్నాడు. "బంద్ జెయ్యకు తమ్మీ! బంద్ జేస్తె మళ్ల చాలూ గాదు. ఏడ ఆపకు, గట్లనే రా."

అందుకే ఆ ఏడు వేపచెట్టు దగ్గర కారు ఆగలేదు. బాపు అటు ఒకసారి చూశాడు, అంతే.

పెదబాపు వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. గుడగుడలాడుతున్న కారును అలాగే వదిలి బాపు దిగాడు. వాడిన జమ్మి అన్న చేతిలో పెట్టి కాళ్లకు వంగబోతే పెదబాపు వంగనివ్వలేదు, మీదికి లాక్కున్నాడు. ఆ మోతలో ఏం మాట్లాడుకున్నారో మాకు వినపడలేదు గానీ, ఇద్దరూ ఏడుస్తున్నారు. నాకూ ఏడుపు ఆగలేదు. తర్వాత పెదబాపు కిటికీలోంచి చెయ్యి పెట్టి కారు ఆపేశాడు.

"అయ్యో, బంద్ జేస్తివేందే? ఇంటికెట్ల వోవాలె?" అన్నాడు బాపు.

"నా పానాలు గూడ పూజల్నే ఉన్నయ్. రేపు సూద్దాం, లోపలికి రా" అంటూ పెదబాపు తాళం తన జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు ఆ అన్నదమ్ములూ లేరు, ఆ కారూ లేదు. కాలాన్ని కూడా అలాగే కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒక్క రాత్రి ఆపేసి, తాళం జేబులో వేసుకునేవాళ్లుంటే ఎంత బాగుండునో.