గొంగడంత దీవి

చౌటుప్పల్‌లో ఫంక్షన్ హాలు వెనక, గోడవారన వరిగడ్డి మంట వేసి కొమరయ్య మామ కథకు ముందు డోలు కాస్తున్నాడు. తోలు వేడెక్కేటప్పుడు ఒక వాసన వస్తుంది. కాస్త పొగ, కాస్త గొర్రెల దొడ్డి, కాస్త పాత పసుపు. లోపల పెళ్లివారి బిర్యానీ ఘుమఘుమలాడుతున్నా నా ముక్కు దీన్నే పట్టుకుంటుంది. పట్టుకోగానే బీరయ్య పెద్దబాపు గుర్తుకొస్తాడు. ఆయన పోయి ఏడాది దాటింది. నేనిప్పుడు నలుగురి ముందు నోరు విప్పి నిలబడుతున్నానంటే ఆ మనిషి వల్లే. ఆయనను చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది ఒగ్గుకథ చెప్పే కుటుంబం. ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకం లాంటి చిన్న వాద్యం. అది పట్టినవాడే కథకు పెద్ద. వెనక డోలు, తాళాలు, మాటమాటకూ ‘ఆ…’ అంటూ వంత పలికేవాళ్లు ఉంటారు. మా బాపుకు అన్న అయిన బీరయ్య పెద్దబాపు మా మేళానికి పెద్ద. కథ మొదలుపెట్టాడంటే మంగళం పాడేదాకా ఆపడు, నీళ్లు కూడా ముట్టడు. ముగిశాక చెంబుతో నీళ్లు అందించడం చిన్నప్పటి నుంచీ నా పని. నాకు మాత్రం చెంబు కాదు, ఒగ్గు కావాలి. మా గొర్రెలకాపరుల దేవుళ్లు మల్లన్న, బీరప్పల కథలు వినీవినీ నోటికి వచ్చేశాయి. అయినా మా మేళంలో మగవాళ్లే చెప్పాలి, ఆడవేషమైనా మగవాడే కట్టాలి. మీసం గీయించుకుని చీర చుట్టుకున్నవాడికి ఉన్న హక్కు, ఆడపుట్టుక పుట్టిన నాకు లేకపోవడం ఏం న్యాయమో ఆ దేవుడికే తెలియాలి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నల్గొండలో డిగ్రీ చదువుతున్నాను. ఒక ఆదివారం పెద్దబాపు గొర్రెలకు ఉన్ని కత్తిరిస్తుంటే నేను గొర్రె కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. “కాలేజీల ఏం జెప్తున్నరు బిడ్డా?” అని అడిగాడు.

“ఓడ పగిలిన కథ చెప్పిండ్రు పెద్దబాపు.”

“ఆ…” అన్నాడు, వంత పలికినట్టే. అలా అంటే ఇక చెప్పకుండా ఎవరుంటారు? నాలుగు వందల ఏళ్ల కిందట డచ్చివాళ్ల ఓడ ఒకటి తూర్పు దేశాలకు వ్యాపారానికి వస్తూ ఆస్ట్రేలియా ఒడ్డుకు దూరంగా, నీళ్లలో దాగిన రాతిదిబ్బలకు కొట్టుకుని పగిలింది. బతికినవాళ్లు చిన్నచిన్న దీవుల మీదికి చేరారు. పెద్ద అధికారి సాయం తెస్తానని పడవలో వెళ్లిపోయాడు. ఓడలో ఉన్నప్పుడే తిరుగుబాటుకు కుట్ర పన్నిన ఒకడు, ఇదే అదనుగా పెత్తనం చేజిక్కించుకున్నాడు. తిండికీ నీళ్లకీ నోళ్లు తగ్గాలని తోటివాళ్లనే చంపించసాగాడు. తనకు ఎదురు తిరగగల సిపాయిలను, నీళ్లు వెతకమనే వంకతో, చేతిలో ఆయుధం లేకుండా దూరపు దీవిలో దించేయించాడు. దాహంతో అక్కడే చస్తారని వాడి లెక్క.

పెద్దబాపు చేతిలో కత్తెర ఆగింది. “దొరికినయా నీళ్లు?”

“దొరికినయ్. పొగబెట్టి సైగ గూడ చేసిండ్రు. ఎవ్వలు రాలే.”

“ఎట్లొస్తరు? సావాలని పంపినోడు సైగ జూసి వస్తడా?”

ఆ దీవికి ఈదుకుంటూ తప్పించుకొచ్చినవాళ్లు చెబితే గానీ సిపాయిలకు జరుగుతున్న ఘోరం తెలియలేదు. వాళ్లు రాళ్లు పేర్చి గోడ కట్టుకున్నారు. మీదికి వచ్చిన ప్రతిసారీ తిరుగుబాటుదారులను తరిమికొట్టారు. చివరికి సాయం ఓడ కనబడింది. దాన్ని కూడా కాజేయాలని ఆ దుర్మార్గుల ఆలోచన. వాళ్ల పడవ ఒకవైపు నుంచి, ఓడవాళ్లను హెచ్చరించడానికి సిపాయిల పడవ మరోవైపు నుంచి బయలుదేరాయి. ఎవరు ముందు చేరారో తర్వాత చెబుతాను.

పెద్దబాపు గొర్రె వీపు నిమిరాడు. “మల్లన్న కథకు మగోళ్లే చెప్పాలన్న కట్టుంది, బీరప్ప కథకు కట్టుంది. గీ కథకు ఎవ్వలు కట్టు పెట్టలే. మరి నువ్వు చెప్తే ఎవ్వడు కాదంటడు?” అన్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. గొర్రె అడ్డంగా ఉండటం మంచిదైంది.

సాధన మొదలైంది. సముద్రం ఎలా చూపించాలో నాకు తోచలేదు. అలల హోరు పలికించబోతే, “ఏందది, కడుపు నొస్తుందా?” అన్నాడు. ఒకరోజు బస్సులో నాగార్జునసాగర్ డ్యాం ఉన్న నందికొండకు తీసుకెళ్లి లాంచీ ఎక్కించాడు. ఆయన కూడా సముద్రం చూసినవాడు కాదు. కనుచూపు మేర కృష్ణ నీళ్లు, దూరంగా గుట్టలు. దస్తీ కళ్లకు కట్టుకుని కూర్చున్నాడు. గుట్టలు కనబడితే దీవి అనిపించదట. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే నాకు తల తీసేసినట్టయింది. కాసేపటికి కట్టు విప్పి ఇలా అన్నాడు:

“బిడ్డా, నువ్వు సముద్రం జూపియ్యకు. మనూళ్ల ఎవ్వలకు ఎర్క లేదది. దూప జూపియ్యి. చుట్టు నీళ్లుండంగ దూపతోని సచ్చుడు నల్గొండోళ్లకు చెప్పాల్నా?”

ఆ మాటతో నాకు కథ దొరికింది. ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకరపోయిన మా ముసలవ్వ కళ్ల ముందు మెదిలింది. ఇంటికి రాగానే పెద్దబాపు తన నల్ల ఉన్ని గొంగడి నేల మీద పరిచి, “ఇదే దీవి. కథల సిపాయిలు పడవ ఎక్కేదాక దీన్ని దిగొద్దు” అన్నాడు.

అసలు తిరుగుబాటు మా మేళంలోనే లేచింది. కొమరయ్య మామ మా అమ్మకు తమ్ముడు, డోలులో ఆయనకు సాటి లేరు. “దేవుడు లేని కథకు డోలు కొట్టుడేంది బావా? అండ్ల ఆడపిల్ల ముందట నిలవడుడా? బీరప్ప పండుగ నాడు కులపోళ్లంతా ఉంటరు, మన పరువు బజార్ల పడ్తది” అన్నాడు. తాళాలవాళ్లు కూడా ఆయన పక్కకే చేరారు. పెద్దబాపు కోప్పడలేదు. “పిల్ల నడుమల ఆగిందంటే నేను మళ్ల ఒగ్గు పట్ట” అన్నాడంతే. ఆయనకు ఒగ్గు తప్ప మరో బతుకు లేదు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు.

పండుగ నాటి మధ్యాహ్నం, భోజనాలయ్యాక, షామియానా కింద గొంగడి పరిచాం. పెద్దబాపు అందరూ చూస్తుండగా ఒగ్గు నా చేతిలో పెట్టి, నా వెనక్కి వెళ్లి, వంత పలికేవాళ్ల వరుసలో చివర కూర్చున్నాడు. మేళానికి పెద్ద అలా కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. గంగమ్మకు మొక్కి మొదలుపెట్టాను. ఓడ పగిలేదాకా కొమరయ్య మామ మొక్కుబడిగా కొట్టాడు. సిపాయిలను దీవిలో దించేశారని చెబుతుండగా చేతులు తీసేశాడు. తాళాలూ ఆగాయి. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నా గొంతు ఎండిపోయింది.

“ఆ…” అన్నాడు పెద్దబాపు, వెనక నుంచి. ఒక్కడే.

ఎండిన గొంతుతోనే దాహం చెప్పాను. గొంగడి అంచులు తడుముతూ, నీళ్ల కోసం మట్టి గీరుతూ తిరిగాను. నాలుక పిడచకట్టడం నటించాల్సిన పనే లేకపోయింది. ముందు కూర్చున్న ఆడవాళ్లలో ఒక అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నీళ్లు దొరికాయన్నప్పుడు, “బతికిండ్రు కొడుకులు” అని పైకే అంది. రాళ్ల గోడ కట్టారు, తరిమారు, ఓడ కనబడింది, రెండు పడవలు బయలుదేరాయి. అక్కడ గొంతు ఒక్కటే సరిపోదు, పరుగుకు డోలు కావాలి. నేను గుక్క తిప్పుకుంటుంటే ఆ అవ్వ ఉండబట్టలేక అడిగింది: “ఎవ్వలు ముందుగాల పోయిండ్రు బిడ్డా? జెప్పరాదు!”

డోలు ఒక్కసారిగా మోగింది. వెనక్కి తిరిగి చూశాను. కొమరయ్య మామ పళ్లు బిగించి, కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. కథ మధ్యలో ఉండగా, పడవ నీళ్లలో ఉండగా, ఏ డోలువాడు మాత్రం చేతులు ముడుచుకు కూర్చోగలడు? తాళాలు అందుకున్నాయి. గొంగడి దిగి, దాన్నే తెరచాపగా భుజాన వేసుకుని జనం మధ్యలోంచి పరుగెత్తాను. సిపాయిల పడవే ముందు చేరింది. ఓడ దక్కింది, దుర్మార్గులు దొరికిపోయారు. షామియానా దద్దరిల్లింది. మంగళం పాడేసరికి ఆడవాళ్లంతా లేచి నిలబడి ఉన్నారు. మా కులపెద్ద మీసం సవరించుకుంటూ, “నవ్విన నాప చేనే పండుతది” అన్నాడు. నవ్వినవాళ్లలో తానూ ఉన్నానని మరిచిపోయాడు పాపం. తర్వాత కొన్నేళ్లకు బీరప్ప కథ కూడా నన్నే చెప్పమన్నది ఆయనే.

ఆనాడు నాకు కళ్లు తిరుగుతుంటే ఎవరో చెంబు అందించారు. సగం తాగాక తల ఎత్తాను. నీళ్లు తెచ్చింది పెద్దబాపు. ఒగ్గు తిరిగి ఇవ్వబోయాను. తీసుకోలేదు. “మొత్తం తాగు. గెలిచినోళ్లకు గూడ దూపైతది” అన్నాడు.

“డోలు పలుకుతాంది, రా పిల్లా” అని మంట దగ్గర నుంచి కొమరయ్య మామ పిలుస్తున్నాడు. నేనింకా పిల్లనేనట! ఇవాళ పెళ్లివారు ఓడ కథే అడిగారు. పెద్దబాపు గొంగడి చిరుగులు కుట్టించి నాతోనే తిప్పుతున్నాను. కథ మొదలయ్యాక నేను కూడా నీళ్లు ముట్టను. సిపాయిలను దించేసిన చోటికి రాగానే ఒక్క క్షణం ఆగుతాను, వెనక నుంచి ఆ ‘ఆ…’ కోసం. ఇప్పుడది కొమరయ్య మామ అంటాడు, చేతులు మాత్రం డోలు మీద నుంచి తియ్యడు.