గుమ్మం బయట చెప్పులు

పిల్లల సంక్షేమ కార్యాలయంలో ఆవిడను అందరూ ‘చెప్పులమ్మ’ అంటారు. పరాయి దేశం వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చదివి, ఏ ఇంట్లో పిల్లలు ఇబ్బంది పడుతున్నారో వెళ్ళి చూసే ఉద్యోగం సంపాదించింది. మనిషి పీలగా ఉంటుంది గాని నడిస్తే మెట్లు అదురుతాయి. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు బయట విడిచి, చంకన సంచి సర్దుకుని, పిల్లల పక్కనే నేల మీద చతికిలబడుతుంది. “గొడవైతే పారిపోవాలి కదమ్మా, చెప్పులు విడవొద్దు. ఇంకోసారి విడిచావని వింటే ఉద్యోగం పర్మనెంట్ చెయ్యను,” అని పై అధికారిణి మొత్తుకుంటూనే ఉంది. ఆవిడ తలూపుతుంది. గుమ్మం రాగానే మళ్ళీ విడుస్తుంది.

నిన్న ఒక తండ్రి ఒంటికాలి మీద లేచాడు. “ఎక్కడినుంచో ఊడిపడి, నా పిల్లను ఎలా పెంచాలో నాకే చెప్తావా?” అంటూ ఆవిడ చెప్పులు తీసి వానలోకి విసిరేశాడు. ఆవిడ కదల్లేదు. మంచం కింద దాక్కున్న పిల్ల బయటికి వచ్చి, ఒళ్ళో కూర్చుని, నోరు విప్పేదాకా అక్కడే ఉంది. తర్వాత ఉత్తకాళ్ళతో ఆఫీసుకు నడిచి వచ్చింది.

“ఇప్పటికైనా బుద్ధొచ్చిందా?” అంది అధికారిణి.

“పారిపోయింది చెప్పులు మేడమ్, నేను కాదు.”

ఇవాళ కొత్త జత కొనుక్కుంది. అదే ఇంటి గుమ్మం ముందు విడిచి, తలుపు కొట్టింది.