రెండు కాయలు చాలన్న మాట

మా చిన్నప్పుడు గుంటూరు వైపు పల్లెలో బస్సు దిగేటప్పటికి మా ఒంటిమీద స్వెట్టర్లున్నాయి... బయట మార్చి నెల ఎండ. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు మమ్మల్ని చూసి నవ్విన నవ్వు నాకింకా గుర్తే.

మేం పాడేరు కొండల నుంచి వచ్చాం. నాన్న కరెంటు లైన్‌మన్. చెల్లి సుధ అక్కడ పుష్యమాసం చలిలో పుట్టింది, పుట్టినప్పట్నుంచీ ఆయాసమే. "పిల్ల బతకాలంటే వేడి ఊరికి తీసుకెళ్లండి" అన్నాడు డాక్టరు. నాన్న కనపడ్డవాళ్లందరి కాళ్లావేళ్లా పడి బదిలీ చేయించుకున్నాడు.

అప్పటికే తమ్ముడు పుట్టి అమ్మ పక్కన నా చోటు లాక్కున్నాడు. ఇప్పుడు ఇది పుట్టి నా బడినీ, నా నేస్తాన్నీ, ఏకంగా ఊరినే లాక్కుంది... తొమ్మిదేళ్ల వయసులో నేను అలాగే అనుకునేదాన్ని.

మాకు దొరికింది రేకుల ఇల్లు. ఎదురుగా ఇంటి ఓనరు కోటమ్మగారి కల్లం, నిండా ఎండబోసిన మిరపకాయలు. గాలి ఇటు తిరిగితే చాలు, మా ఇంటిల్లిపాదికీ తుమ్ములు. ఊళ్లోవాళ్లకి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

మా అమ్మకి చలితో పోట్లాడటం వచ్చు, ఎండతో రాదు. ఆ ఉక్కలో కూడా కిటికీలు మూసి, చెల్లికి ఉన్ని టోపీ పెట్టేది.

"ఏమ్మోయ్, పిల్లని ఉడకేస్తున్నావా? ఇదేమన్నా మీ కొండా? తియ్యి ఆ టోపీ!" అని అరిచేది కోటమ్మగారు. అమ్మ తీసేది. ఆవిడ గడప దాటగానే మళ్లీ పెట్టేది. చెల్లికి ఒళ్లంతా చెమటకాయలు, రోజంతా ఏడుపు.

బళ్లో నా పని ఇంకా బాగుండేది... "ఏటి, ఏటి" అని మా యాసని వెక్కిరించేవాళ్లు. ఒకరోజు, "కొండపిల్లా, మా కాయ కొరుకు చూద్దాం" అని ఎండుమిరపకాయ ఇచ్చారు. పౌరుషానికి పోయి కొరికాను. పెదాలు రెండ్రోజులు వాచాయి. అమ్మ ఇంకా కొండ మీంచి తెచ్చిన కారమే వాడుతోంది. అందుకని ఈ ఊరి కాయ సంగతి మా ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు.

ఒక ఆదివారం సందెవేళ చెల్లి ఏడుపు ఎంతకీ ఆపలేదు. "దిష్టి తగిలినట్టుంది. కోటమ్మగారినడిగి గుప్పెడు ఎండుమిరపకాయలు పట్టుకురా" అంది అమ్మ. కొండ మీద గుప్పెడు వేసినా కుంపట్లోంచి సన్నటి పొగ వచ్చేది, అంతే.

కోటమ్మగారు నా చేతిలో రెండంటే రెండు కాయలు పెట్టింది. "దిష్టికి ఇయ్యి చాలు. అయ్యి కూడా తలుపులు తీసి వెయ్యమను. చంటిపిల్ల ఉన్న ఇల్లు, మీ అమ్మకి గట్టిగా చెప్పవే!"

బుద్ధిగా తలూపాను. ఆవిడ వెనక్కి తిరగ్గానే కల్లంలోంచి రెండు గుప్పిళ్లు గౌనులో పోసుకున్నాను. ఇంటికెళ్లి అమ్మకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

చెల్లి దగ్గి దగ్గి మళ్లీ జబ్బు పడితే, ఈ ఊరు పడలేదని నాన్న మమ్మల్ని తిరిగి కొండకి తీసుకెళ్తాడనుకున్నాను. అంతే నా ఆలోచన... దాన్ని ఎంత కడిగినా తెల్లబడదు.

అమ్మ మూడుసార్లు దిష్టి తిప్పి అన్నీ కుంపట్లో వేసింది. ఘాటు ఒక్కసారిగా ఇల్లంతా కమ్మేసింది. నేనూ తమ్ముడూ బయటికి పరిగెత్తాం. అమ్మ కళ్లు తెరవలేక, పిల్లని ఎత్తుకుని, గోడలు తడుముకుంటూ వచ్చింది. చెల్లి నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి.

కోటమ్మగారు పరిగెత్తుకొచ్చి పిల్లని లాక్కుంది. గాలిలోకి తీసుకెళ్లి, తడిగుడ్డతో మొహం తుడిచి, వీపు చరిచింది. ఎంతసేపటికో సన్నగా ఏడుపు వినబడింది.

అప్పటికి వీధంతా పోగైంది, నాన్న కూడా పరిగెత్తుకొచ్చాడు. "రెండు కాయలు చాలని చెప్పి పంపానే! ఏమే, నువ్వు చెప్పలేదా?" అంటూ ఆవిడ నా వైపు తిరిగింది.

నా గౌనుకి మిరపగింజలు అంటుకునే ఉన్నాయి. నీళ్లు కారుతున్న కళ్లతో అమ్మ ఆ గౌను వంక చూసింది.

"చెప్పిందండీ... నేనే వినలేదు" అంది.

"థూ! నువ్వూ ఒక తల్లివేనా? పెంచడం చేతగానిదానివి ఎందుకు కన్నావే?" అంది కోటమ్మగారు. వీధిలో ఒక్కరూ ఆ మాటకి అడ్డు రాలేదు. నాన్న కూడా రాలేదు.

ఆ ఊళ్లో ఉన్న ఏడేళ్లూ అమ్మ పేరు మిరపకాయల తల్లి. ఎవరూ తమ చంటిపిల్లని ఆమె చేతికి ఇవ్వలేదు. కోపం వస్తే నాన్న కూడా అదే ఎత్తేవాడు. అమ్మ మాత్రం నన్ను ఒక్కనాడూ అడగలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తల దువ్వి, నా గౌను మడతలో మిగిలిన గింజ ఒకటి తీసి బయట పారేసింది. ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది.

ఇప్పుడా కల్లం ప్లాట్లయింది. ఎండా చలీ రెండూ రిమోట్లోకి వచ్చేశాయి. సుధ గుంటూరులోనే ఉంటుంది, బ్యాగులో ఎప్పుడూ ఇన్‌హేలరు ఉంటుంది. నలుగురు కూడినప్పుడల్లా "మా అమ్మ దిష్టి తీసి నన్ను చంపబోయింది" అని చెప్పి నవ్విస్తుంది. అమ్మా నవ్వుతుంది. అందరికంటే గట్టిగా నేను నవ్వుతాను.

మొన్న సుధకి పాప పుట్టింది. ఎత్తుకుందామని అమ్మ చేతులు చాపింది. "అమ్మో, నీ చేతికా!" అంది సుధ నవ్వుతూ. సరదాకే అంది... అమ్మ చేతులు వెనక్కి తీసుకుని, చీరకి తుడుచుకుంది.

మీ తప్పుని మీ అమ్మ మోసిన రోజు మీకూ ఒకటుంటే కింద రాయండి... రాసేముందు, ఆవిడ ఇంకా ఉంటే, ఆవిడకే చెప్పండి.

సుధా, ఇది చదువుతావని తెలుసు. ఆ గుప్పిళ్లు నావే. పాపని అమ్మ చేతికియ్యి... నా చేతికి ఇవ్వకపోయినా సరే.