ఖిల్లా కాడ వచ్చిన ఫోను

ఏడేండ్ల సంది మోస్తున్న. ఎవ్వలకు చెప్పలే. మగ్గాల చప్పుడుల పక్కమనిషి మాటే ఇనబడదు గదా, అందుల బతికేటోనికి ఒక్క ముచ్చట దాచుడు ఏం కష్టం అనుకున్న. కాదు. మగ్గాలు బందైనంక అదొక్కటే ఇనబడుతది. నువ్వెవరో నాకు తెల్వదు, నేనెవరో నీకు తెల్వదు. అందుకే చెప్పగల్గుతున్న.

మేము సూరత్‌ల, వడోద్ దిక్కు ఉంటం. నాది పవర్‌లూమ్ కార్ఖానల పన్నెండు గంటల డ్యూటీ. నా భార్య సువర్ణ ఇంట్లనే కూసొని చీరలకు పోగులు కత్తిరిస్తది. పిల్లలు కాలే. అప్పటికి పెండ్లై పదిహేనేండ్లైనా ఇద్దరం కలిసి ఒక్కపూట షికారుకు ఎటూ పోయినోళ్లం కాదు. తాపీ నది ఒడ్డున పాత ఖిల్లాను బాగుచేసిన్రు, లోపలికి పోనిస్తున్నరు అని పక్కింటామె చెప్పిందట. "ఒక్కసారి తీస్కపోవయ్యా" అని ఎన్ని నెలలు అడిగిందో. ఒకనాడు కార్ఖానల కరెంటు రిపేరు ఉండి సెలవిచ్చిన్రు. పోయినం.

ఖిల్లా ముంగట వంతెన ఎక్కంగనే చెప్పులు విడిచి చేత పట్టుకున్నది. ఎందుకే అంటే, "రాజుల జాగ గదా" అన్నది. లోపల ఫిరంగి మీద చెయ్యి పెట్టి, ఎవరన్న తిడ్తరేమో అని చటుక్కున తీసుకున్నది. పాత బట్టలు పెట్టిన అర్రల చానాసేపు నిలబడ్డది. "ఈ జరీ చూడు. దీని పోగులు ఏ ఆడామె కత్తిరించిందో" అని నవ్వింది. అట్ల నవ్వంగ చూసి నాకు ఎన్నేండ్లైందో.

తర్వాత తోటల కూసున్నం. ఆమె నీళ్లు తాగొస్తనని నల్లా దిక్కు పోయింది. అప్పుడే ఫోను మోగింది. అప్పట్ల మా ఇద్దరికీ ఒకటే ఫోను, నా జేబుల ఉండేది. తెల్వని నంబరు. ఎత్తితే ఊరి నుంచి శీను, ఆమె తమ్ముడు. దవాఖానల ఎవలదో ఫోను అడుక్కొని చేసిండు.

"బావా, అవ్వకు మంచిగ లేదు. డాక్టరు కష్టమంటండు. అక్క పేరే తీస్తంది. ఇయ్యాల్నే బండెక్కుండ్రి."

"సరే" అన్న.

సువర్ణ తడిచేతులు కొంగుకు తుడుచుకుంట వచ్చింది. ఎవరని అడిగితే, ఏదో అమ్మేటోళ్ల ఫోను అన్న. ఆమె అటు తిరగంగనే ఆ నంబరు తుడిచేసి, ఫోను బంద్ చేసిన.

ఎందుకు చేసిన? అంతకుముందు రెండుసార్లు అత్తకు సీరియస్ అంటే ఉరికినం, రెండుసార్లూ లేచి కూసున్నది. ఇదీ అట్లనే అనుకున్ననా? అనుకున్ననని చానా ఏండ్లు నన్ను నేను నమ్మించుకున్న. కాని శీను గొంతు విన్నోణ్ణి నేను. ఈసారి వేరని అప్పుడే తెల్సింది. మరి ఆమె సంతోషం చెడగొట్టొద్దనా? అది చెప్పుకోనికి మంచిగుంటది. నిజం చెప్పాల్నంటే, ఆ దినం నాక్కూడ కావాలె. ఆ తోటల, ఆ గడ్డి మీద, నన్ను చూసి నవ్వే పెండ్లాం పక్కన ఇంకో నాలుగు గంటలు కావాలె. ఆఖరి శ్వాసల ఉన్న ఒక తల్లి కాడి నుంచి అవి గుంజుకున్న.

బయట బండి మీద లోచో అని శెనగపిండితోటి చేసేది తిన్నం. తినుకుంట ఆమె అన్నది: "అవ్వను ఒకసారి తీస్కొచ్చి ఇదంత చూపియ్యాలె."

"తీస్కొద్దాం" అన్న. ఆ మాట నా నోట్ల నుంచి ఎట్లొచ్చిందో ఇప్పటికీ సమజైతలేదు.

తెల్లారి ఫోను అప్పుడే వచ్చినట్టు చెప్పిన. దొరికిన బండెక్కినం. ఆ మర్నాడు ఊరు చేరెటాల్లకు అత్తను వాకిట్ల పండబెట్టిన్రు. ఆ పొద్దుగాల్నే పోయిందట. ఖిల్లా కాడి నుంచే బయలెల్లితే సువర్ణకు తల్లితోటి ఒక పగలు దొరుకుతుండె.

"ఒక్కదినం ముందు చెప్తే నీ సొమ్మేం పోతుండెరా?" అని తమ్ముని భుజాలు పట్టి ఊపింది.

"మొన్ననే చెప్పిన గదక్కా! బావతోనే మాట్లాడిన."

అందరూ నా దిక్కు తిరిగిన్రు.

"మొన్న నాకు నీ ఫోనేం రాలే" అన్న.

శీను నన్ను చూసిండు. కోపం గూడ కాదది. ఇంత పెద్ద మనిషి ఇట్ల ఎట్లంటడు అని ఆశ్చర్యం. చూపియ్యనికి వాని కాడ ఏముంది? "నువ్వు మర్చిపోయి నా మొగని మీద పెడ్తున్నవా?" అని సువర్ణ వానితోటి మాట బంద్ చేసింది. వాడు రెండేండ్లు ఫోన్లు చేసిండు. ఈమె ఎత్తలే. నేను పక్కనే ఉండి ఎత్తుమని గూడ అనలే, వాళ్లు మాట్లాడుకుంటే నా అబద్ధం బయటపడుతదని.

పోయిన వానకాలం శీను గుండె ఆగి పోయిండు. ఇద్దరం పోయినం. తిరిగొచ్చేటప్పుడు రైలు కిటికీ దిక్కు మొఖం పెట్టి ఆమె అన్నది: "ఆ అబద్ధం ఒక్కటి ఒప్పుకుంటే, వానితోటి మాట్లాడేదాన్ని."

అప్పుడన్న చెప్పాలె. నోరు తెరిచిన గూడ. చాయ్ తాగుతవా అని అడిగిన.

ఇప్పుడు ఆమెకు నా మీద తప్ప ఎవ్వలి మీద నమ్మకం లేదు. చెప్తే అదీ పోతది అని నాకు నేను చెప్పుకుంట. ఆమె మీద జాలా, నా గురించి భయమా? భయమే. ఆమెకు తెలుగు చదువరాదు. ఈ కాయితం ఆమె ముంగటనే కూసొని రాస్తున్న. ఊరికి రాస్తున్నవా అని అడిగింది. అవునన్న. చూడు, ఇప్పుడు గూడ.

క్షమించుమని అడుగుత లేను. అడగాల్సినోళ్లల ఇద్దరు మట్టిల కలిసిన్రు, మూడో మనిషి నా ఎదురుంగ చీర ఒళ్లో పెట్టుకొని పోగులు కత్తిరిస్తంది. ఏడేండ్లల ఒక్కసారన్న ఎక్కడన్న ఉన్నదున్నట్టు ఉండాలె గదా అని రాస్తున్న.

శీను అబద్ధం చెప్పలే. చెప్పింది నేను.