పసుపునీళ్లు తాగిన చాబీలు

మొన్న దసరాకు నేను ఎంతో శ్రద్ధగ చేసిన పూజకు మా కారు మూగదైపోయింది! నవ్వుండ్రి, పర్వాలేదు. మా ఇంట్లోళ్లు నవ్వి నవ్వి అలిసిపోయిన్రు, ఇగ మీరు మిగిలిన్రు. జర చాయ్ పట్టుకొని కూసోండ్రి, మొదటికెళ్లి చెప్త.

మాది కనకమామిడి. నలభై ఏండ్లు ట్రాక్టర్ నడిపిన మనిషిని. శంకర్‌పల్లిల హార్డ్‌వేర్ దుకాణం నడిపే మా చిన్నోడు శీను పోయినేడు కొత్త కారు తీసుకొని, పాతది నాకు ఇచ్చిండు. పాతది అంటే మరీ పాతది గాదు. చాబీ తిప్పే పనే లేదు దానికి. చాబీ జేబుల ఉంటే చాలు, బటన్ నొక్కితే స్టార్ట్ అయితది. ఇచ్చేటప్పుడు రెండు చాబీలు నా చేతుల పెట్టి ఒక్కటే మాట చెప్పిండు.

"బాపూ, వీటికి నీళ్లు తగలనియకు."

"ట్రాక్టర్ నడిపినోనికి చాబీ సంగతి చెప్తున్నవారా?" అన్న. ఆ మాటను అక్కడనే ఇడిసిపెట్టిన.

ఇంతకు అసలు ఫికర్ ఏందంటే, మా ఇంటామె మల్లమ్మకు రెండు కండ్లల్ల పొరలు వచ్చినయి. ఆపరేషన్ అంటే మూడేండ్ల సంది ఏదో ఒక సాకు. నాట్లు అంటది, కోతలు అంటది, మోకాలు నొప్పి అంటది. బియ్యంల రాళ్లు కనబడయి, బస్సు బోర్డు కనబడది, అయినా "నాకు మంచిగనే కనబడ్తున్నది" అంటది. ఆఖరికి ఈ కారును చూసి మెత్తబడ్డది.

"మన కారుల నువ్వు తీసుకపోతే వస్త. బస్సు ఎక్క, ఆటో ఎక్క, మందిని బతిమాల. ఈసారి ఆగిందంటే మల్ల నన్ను అడగొద్దు" అన్నది.

ఆమె అన్నదంటే అన్నదే. మొండితనంల నాకు అక్క. మెహిదీపట్నం అవతల కంటి దవాఖానల శనివారం పొద్దుగాల తొమ్మిదింటికి రమ్మన్నరు. గురువారం దసరా. నడుమ ఒక్క శుక్రవారం.

మా ఇంట్ల ఆయుధపూజ అంటే ఉత్తగ బొట్టు పెట్టి చేతులు దులుపుకునుడు గాదు. మా నాయిన కాలం సంది పద్ధతి ఒకటే. పనిముట్టును ముందు కడగాలె, తుడవాలె, పసుపు రుద్దాలె, ఆ తర్వాతనే కుంకుమ. కొడవలి, గొడ్డలి, పార, పానాలు, అన్నీ గంతే. ట్రాక్టర్ చాబీని సుత నలభై ఏండ్లు గట్లనే కడిగిన. దానికేమైంది? ఏం గాలే!

మరి కారు చాబీ పనిముట్టు గాదా? ఇత్తడి గిన్నెల పసుపునీళ్లు కలిపిన. రెండు చాబీలు అందుల వేసిన. రెండూ ఎందుకు అంటరా? ఒకదానికి పూజ చేసి ఇంకోదాన్ని పక్కకు పెడితే మంచిగుంటదా? బటన్ల సందుల మురికి కనబడ్డది. పండ్లు తోమే బ్రష్ తెచ్చి రుద్దిన.

మల్లమ్మ పక్కకే కూసొని పూలు గుచ్చుతున్నది. "ఏమయ్యా, అవి టీవీ రిమోట్ లెక్క ఉన్నయి గదా, నీళ్లల్ల వెయ్యొచ్చునా?" అని అడిగింది.

చూడుండ్రి, కండ్లు కనబడని మనిషికి కనబడ్డది నాకు కనబడలే! "నీకేం తెల్వదు, ఊకో" అన్న. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు సుత చెరో చుక్క పోసిన.

కారుకు బంతిపూల దండ కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బటన్ నొక్కిన. జుమ్మని స్టార్ట్ అయ్యింది. నిమ్మకాయలు తొక్కించిన. "చూసినవా?" అన్న మల్లమ్మతోని. కారు లాక్ చేసి, రెండు చాబీలను దేవుని ముందల పెట్టి, జమ్మికి పోయిన.

శుక్రవారం పొద్దుగాల గాలి, ఆయిల్ చూసుకుందమని బయటికి వచ్చి చాబీ నొక్కిన. కారు ఉలకలే, పలకలే. రెండోది నొక్కిన. అదీ గంతే. దగ్గరికి పోయి నొక్కిన, దూరం పోయి నొక్కిన, చెయ్యి మీదికి లేపి నొక్కిన. కారు చుట్టు మూడు సార్లు తిరిగిన. అరుగు మీదికెళ్లి మల్లమ్మ అడుగుతున్నది, "ప్రదక్షిణలు చేస్తున్నవా?" అని.

"గాలి చూస్తున్న" అన్న.

చేవెళ్ల బస్టాండు కాడ గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నడు. ఆటో పట్టుకొని ఆయన కాడికి ఉరికిన. సెల్లులు మార్చిండు. ఉహూ, చాబీ మీది చిన్న లైటు సుత వెలగలే. చాబీని ముక్కు కాడ పెట్టుకొని వాసన చూసి, నా మొకం చూసిండు.

"కాకా, లోపల బోర్డు పోయింది. మొయినాబాద్‌ల సలీం భాయ్ ఉన్నడు, కంప్యూటర్ పెట్టి చాబీలు చేస్తడు. ఆయన దగ్గరికి పో."

"చాబీకి కంప్యూటర్ ఎందుకు? ఆకురాయి పెట్టి రుద్దితే అయిపోదా?"

"అయితే రుద్దుకో పో" అని గడియారం మీదికి వంగిండు.

ఇగ చేవెళ్లల బస్సు ఎక్కి మొయినాబాద్ దిక్కు పోయిన. బస్సు మా ఊరి స్టేజీ మీదికెళ్లే పోతది. అక్కడికి వచ్చేసరికి తువ్వాల మొకం మీద కప్పుకొని నిద్రపోయినట్టు కూసున్న. పొద్దంత కారు లేకుండ బస్సుల తిరుగుతున్ననని ఎవరన్న చూసి మల్లమ్మకు చెప్తే ఆపరేషన్ గతి ఏం గావాలె?

సలీం భాయ్ దుకాణం అగ్గిపెట్టెంత ఉంటది. గోడల నిండ చాబీలే. ఆయనకు యాభై దాటినయి, కండ్లద్దాలు ముక్కు మీదికి జారి ఉన్నయి. ఒకప్పుడు రోడ్డు మీద గొడుగు కింద కూసొని ఆకురాయితోనే చాబీలు రుద్దిండట. నా చాబీని తీసుకొని గోరుతోని ఇట్ల ఇప్పిండు. లోపలంత పచ్చగ ముద్ద.

"కాకా, దీంట్ల పప్పు వండినవా?"

"దసరాకు పూజ చేసిన."

"పూజ అంటే? స్నానం చేపిచ్చినవా ఏంది?"

"తలస్నానమే" అన్న. ఇగ దాచి ఏం లాభం?

ఆయన నవ్వలే. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు, భుజాలు మాత్రం ఊగినయి. "రెండూనా?" అన్నడు. "రెండూ" అన్న. మల్ల ఊగినయి. రేపు పొద్దుగాల దవాఖాన సంగతి చెప్పిన. అప్పుడు ఆయన భుజాలు ఆగినయి. సంచి భుజానికి వేసుకొని, దుకాణం షట్టర్ దించి, "పా, కాకా" అని స్కూటర్ తీసిండు.

ఇంటి ముందల దిగినంక చూసిన విద్య ఉన్నదే, అది చెప్పాలె మీకు! పాడైన చాబీ పక్కన ఒక చిన్న బుడిపెను జరిపిండు. లోపల్నుంచి సన్నటి ఇనుప చాబీ జారి బయటికి వచ్చింది! ఏడాది సంది జేబుల వేసుకొని తిరుగుతున్న, దాని కడుపుల ఇంకో చాబీ ఉన్నదని నాకు తెల్వదు. డోర్ హ్యాండిల్ కాడ చిన్న మూత ఊడదీసిండు. దాని కింద తాళం రంధ్రం! రోజూ పట్టుకునే హ్యాండిలే అది.

చాబీ తిప్పి డోర్ తీసిండో లేదో, కారు కెవ్వుమని అరిసింది. కోళ్లు ఎగిరినయి, బర్రె తాడు తెంపుకున్నది. ఎదురింటి రాములు కట్టె పట్టుకొని ఉరికొచ్చి సలీం భాయ్ మీదికి లేపిండు.

"ఆగురా! దొంగ గాదు, నేను పిలిచినోడే!"

"మరి కారు ఎందుకు మొత్తుకుంటున్నది?"

"దానికి నువ్వు, నేను, ఆయన, అందరం దొంగలమే ఇప్పుడు" అన్నడు సలీం భాయ్. అర నిమిషం అరిసి దానంతట అదే ఊకున్నది. అప్పటికి వాడకట్టంత మా ఇంటి ముందలనే. మల్లమ్మకు చెప్పే పనే లేకపాయె.

సలీం భాయ్ చెయ్యి చాపి, "ఆర్సీ చూపియ్యి కాకా" అన్నడు. డాష్‌బోర్డుల ఉండె, ఇచ్చిన. "ఇది నీ పేరు గాదు."

"నా కొడుకు పేరు."

"అయితే నీ కొడుకు మాట్లాడాలె."

నాకు తిక్క లేసింది. "నా ఊళ్లె, నా ఇంటి ముందల, నేను పూజ చేసుకున్న బండికి వాని పర్మిషన్ ఏంది?"

"కాకా, అడగకుండ చాబీలు చేసేటోడు ఎవడైనా నీ ఇంటి ముందలికెళ్లి ఈ బండిని తోలుకపోతడు. అది మంచిగుంటదా?"

శీనుకు వీడియో కాల్ చేసిన. వాడు ఆధార్ కార్డు చూపెట్టిండు, సరే అన్నడు, తర్వాత నా దిక్కు తిరిగిండు.

"బాపూ, నీళ్లు తగలనియకు అన్న గదా?"

"నీళ్లు తగలలేరా. పసుపునీళ్లు."

వాడు ఫోన్ కింద పడేసుకున్నడు. పైకప్పు ఫ్యాన్ కనబడ్డది, వాని నవ్వు వినబడ్డది.

ఇగ సలీం భాయ్ స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి, నేను ఎన్నడు చూడని ఒక సందుల వైరు గుచ్చిండు. చేతిల పలకంత మిషన్. దాని మీద అక్షరాలు ఉరుకుతున్నయి.

"ఏమంటున్నది?" అని అడిగిన.

"నాకు తెల్సిన చాబీలు రెండు, అంటున్నది. ఆ రెండింటిని తుడిపేస్తున్న. పాడైన చాబీలను గుర్తుపెట్టుకొని ఏం చేస్తది? కొత్తదాన్ని నేర్పుతున్న."

"నేర్పుడు ఏంది? రూపం చూసి గుర్తు పడ్తదా?"

"రూపం గాదు. నువ్వు బటన్ నొక్కంగనే కారు లోపల్నుంచి ఒక ప్రశ్న అడుగుతది. జేబుల ఉన్న చాబీ జవాబు చెప్పాలె. తప్పు చెప్తే ఇంజన్ లెవ్వది."

"అదే ప్రశ్న రోజూ అడిగితే, ఎవడన్న విని నేర్చుకోడా?"

సలీం భాయ్ కండ్లద్దాల మీదికెళ్లి నన్ను చూసిండు. "మంచిగ అడిగినవు కాకా. ప్రతిసారి కొత్త ప్రశ్న. నిన్నటి జవాబు ఇయ్యాల పనికిరాదు."

నాకు మా రాత్రిబడి పంతులు యాదికొచ్చిండు. కందిలి ముందల మేమంత గడ్డాలు మీసాలు వచ్చినోళ్లం. వరుసగ అడిగితే కంఠస్థం చెప్తమని, 'క' తర్వాత 'మ', 'మ' తర్వాత 'ఱ' అని ఎగరేసి అడిగేటోడు. అక్షరం నిజంగ తెల్సినోడే నిలబడేటోడు. నాకు 'ఱ' కాడికి వచ్చేసరికి చెమటలు. గసోంటి పంతులు నా కారుల కూసొని ఉన్నడు! ఏడాది సంది నేను బటన్ నొక్కినప్పుడల్ల, రెప్ప కొట్టేలోపల, నా జేబుల ఉన్న పలుకంత వస్తువు పరీక్ష రాసి పాస్ అయితున్నది. నేనేమో దాన్ని బ్రష్ పెట్టి తోమిన!

"పది నిమిషాలు ఎవరు డోర్లు ముట్టొద్దు" అన్నడు సలీం భాయ్.

నేను ముట్టలే. ఏడు నిమిషాలు ముట్టలే. బంతిపూల దండ డోర్ సందుల ఇరుక్కొని నలుగుతున్నది. పూజ చేసిన పూలు గదా అని డోర్ జర తీసిన. మిషన్ కుయ్యిమని మొత్తుకున్నది.

"అయ్యో కాకా! మొత్తం పోయింది!"

అరుగు మీద మల్లమ్మ సంచి పట్టుకొని కూసున్నది. అండ్ల రెండు చీరెలు, తువ్వాల, దవాఖాన కాగితాలు. లేసి నిలబడ్డది. "దేవుడే వద్దంటుండు. సంచి లోపల పెడుతున్న" అని తలుపు దిక్కు నడిసింది. గడప మీద చెయ్యి ఆనిచ్చి, కాలుతోని గడప ఎక్కడున్నదో తడిమింది. ఇరవై ఏండ్ల వయసు సంది దాటుతున్న గడప. నా మొండితనానికి ఈమె చీకట్లనే ఉండాల్నా?

"భాయ్, ఇంకోసారి అయితదా?" అన్న. నా గొంతు నాకే కొత్తగ వినబడ్డది.

"అయితది. నువ్వు ముట్టకుంటే అయితది."

రెండు చేతులు తొడల కింద పెట్టుకొని అరుగు మీద కూసున్న. రాములు నా పక్కకే కూసొని కావలి. ఈగ వాలితే సుత చెయ్యి తియ్యలే. పది నిమిషాలు ఎంత పొడుగుంటయో ఆనాడు తెల్సింది.

మిషన్ సన్నగ ఒక్క కూత కూసింది. సలీం భాయ్ కొత్త చాబీని నా జేబుల వేసి, "నొక్కు కాకా" అన్నడు. బ్రేక్ తొక్కి బటన్ నొక్కిన. లోపల ప్రశ్న, జేబుల జవాబు. ఇంజన్ లేసింది! నా చేతుల మీద రోమాలు సుత లేసినయి. నలభై ఏండ్లు బండ్లు నడిపిన గానీ, ఒక బండికి చేతులెత్తి దండం పెట్టింది గప్పుడే.

ఆ చప్పుడుకు మల్లమ్మ బయటికి వచ్చింది. చేతిల సంచి లేదు, పసుపు కుంకుమల పళ్లెం ఉన్నది! "కొత్త చాబీ గదా, ఏదీ ఇటియ్యి" అన్నది.

సలీం భాయ్ నా జేబుల చెయ్యి పెట్టి చాబీ గుంజుకున్నడు. "అమ్మా, కారుకు బొట్టు పెట్టు, కాకాకు పెట్టు. అదంత అయ్యేదాక చాబీ మాత్రం నా దగ్గరనే ఉంటది."

శనివారం తొమ్మిదింటికి పావు గంట ముందలనే దవాఖానల ఉన్నం. కుడి కన్నుకు ఆపరేషన్ అయ్యింది. ఆదివారం పట్టీ ఇప్పిన్రు. మల్లమ్మ నా మొకం చూసి, "గింత ముసలోనివి ఎప్పుడైనవయ్యా?" అన్నది. సంతోషంతోని నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. చెయ్యి పట్టుకొని పార్కింగ్ కాడికి తీసుకొచ్చిన. కారు ముందల నిలబడ్డది. వంగింది. వేలు పెట్టి చూపెట్టింది.

"ఈ గీత ఏంది?"

ఏడాది సంది కారు మీద ఈగ సుత వాలకుండ నడుపుతున్ననని ఆమెకు చెప్పుకుంట వచ్చిన. "మన గేటుది" అన్న.

"ఇది?"

"రాములు గోడది."

"ఈ సొట్ట?"

"బర్రె గుద్దింది."

"బర్రె కారును గుద్దిందా, కారు బర్రెను గుద్దిందా?"

పదకొండు లెక్కపెట్టి ఆగింది. అలిసిపోయి గాదు, ఎడమ కంటి పొర ఇంకా పోలే గదా, మిగిలినవి ఆమెకు కనబడలే.

ఎడమ కన్ను ఆపరేషన్ వచ్చే నెల పెట్టుకుందమని తొందర చేస్తున్నది. నాట్లు ఉన్నయి, కోతలు ఉన్నయి, మోకాలు నొప్పి ఉన్నదని ఇప్పుడు సాకులు చెప్తున్నది నేను.