కాటా కంప్యూటర్ లేవని రెండు రోజులు

తిరుపతిలో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థలో నేను లినక్స్ చెప్పే రోజులవి. చెప్పేవాడిని అన్నాను గానీ, తెలిసినవాడిని అనలేదు. విద్యార్థులు పదో పాఠంలో ఉంటే నేను పదకొండులో ఉండేవాడిని. మా మధ్య దూరం ఎప్పుడూ ఒక పాఠమే. అయినా తిరుపతి నుంచి చిత్తూరు దాకా, మధ్యలోని కొండలతో సహా, నా అంతటివాడు లేడని మా సంస్థ కరపత్రంలో అచ్చువేశారు. ఆ కరపత్రం ఎలా వెళ్ళిందోగానీ చిత్తూరు పక్కనున్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి చేరింది. జూన్ నెలలో ఒక మంగళవారం పొద్దున్నే అక్కడినుంచి ఫోనొచ్చింది. కాటా దగ్గరి కంప్యూటర్ పడకేసింది, ఉన్నపళంగా రావాలని.

బస్సు దిగేసరికి పదకొండు. గేటు దగ్గర మొదలైన ట్రాక్టర్ల వరస బెంగళూరు దాకా ఉందంటే మీరు నమ్మరు గనక, రోడ్డు మలుపు దాకా ఉందని రాస్తున్నాను. వరసలో మొట్టమొదటి ట్రాక్టరు ఐరాల దగ్గరి పల్లెనుంచి వచ్చిన ఒక రైతమ్మది. ఆమె నా చేతిసంచీ చూడగానే ఎదురొచ్చింది.

"మిషన్ బాగుచేసే అయ్యవు నువ్వేనా నాయనా?"

"ప్రయత్నం చేస్తానమ్మా."

"ప్రయత్నం ఈ కాటా గుమస్తా రెండు దినాలుగా సేస్తానే ఉండాడు. నువ్వు బాగుసెయ్యి. ఆదివారం సాయంత్రం వచ్చినా. లోడు కింద కాయి అప్పుడే మెత్తబడి కారతా ఉండాది. మా తోపులో ఏడాదికి కాసిందంతా ఇదే. రేపటిదాకా ఉంటే ఈడ కాదు, పెంటదిబ్బకి తోలుకోవాల."

ట్రాక్టరు కింద నేలమీద తేనె రంగులో చిన్న మడుగు కట్టింది. ప్రపంచంలోని ఈగల మహాసభ ఆ మడుగు దగ్గరే జరుగుతోంది.

కంప్యూటర్ లేకపోతే చేత్తో చీటీ రాసి లోడు దించుకోవచ్చుగా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ముందటి ఏడాది అలాగే రాశారట. తూకం దగ్గర గొడవలై, మిషన్ చీటీ లేనిదే ఒక్క కాయ కూడా దించేది లేదని రైతులూ ఫ్యాక్టరీవాళ్ళూ కలిసే తీర్మానించుకున్నారు. ఆ తీర్మానానికి అందరికంటే పెద్దగా చప్పట్లు కొట్టింది తనేనని రైతమ్మే చెప్పింది.

కాటా గదిలో గుమస్తా ఉన్నాడు. నా వయసువాడే, మనిషి సన్నం, నుదుటి మీద కుంకుమబొట్టు మాత్రం రూపాయి బిళ్ళంత. కంప్యూటర్‌కి జరిగిన చికిత్స అంతా ఏకరువు పెట్టాడు.

"బ్యాటరీ మార్సినాం సార్. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ గుంతలో ఉప్పు పోసి, నీళ్ళు పోసినాడు. నిమ్మకాయ తిప్పినాం. నూటెనిమిది సార్లు ఆపి ఏసినా. మిషన్ లేస్తాది, కాటా ప్రోగ్రాం మాత్రం లేసేది లేదంటాది."

ఆ ప్రోగ్రాం పని చిన్నది. కంప్యూటర్ మేలుకోగానే తెర వెనక తనంతట తానే మొదలై, కాటా చెప్పిన తూకం అందుకుని, నంబరూ తేదీ వేసి చీటీ అచ్చువేస్తుంది. ఇలా తెర వెనక చాకిరీ చేసేవాటిని సర్వీసులంటారు. నేను కుర్చీలో కూర్చుని, వేళ్ళు విరుచుకుని, సర్వీసును మొదలుపెట్టమని ఆజ్ఞ కొట్టాను. నల్లటి తెర మీద ఎర్రగా 'ఫెయిల్డ్' అని వచ్చింది. ఆ ఎరుపు గుమస్తా బొట్టుతో పోటీ పడింది.

డిస్కు నిండిపోయిందేమో చూశాను. ఖాళీగా ఉంది, రైళ్ళు రాని స్టేషన్‌లా. ఫైళ్ళు తెరిచే అనుమతులు చూశాను, సరిగానే ఉన్నాయి. ప్రోగ్రాం రెండోసారి మొదలవకుండా వేసుకుని, చచ్చిపోతూ తియ్యడం మరిచిన తాళం ఫైలేదైనా అడ్డమొస్తోందేమోనని వెతికితే, నిజంగానే ఒకటి దొరికింది. ఆనందం పట్టలేక దాన్ని తీసిపారేశాను. మళ్ళీ ఎరుపే. కిటికీలోంచి చూస్తున్న రైతమ్మ, "నీకంటే మా గుమస్తానే మేలప్పా. వాడు నిమ్మకాయన్నా తిప్పినాడు" అంది.

గంట గడిచింది. ఏ సర్వీసు ఎందుకు లేవలేదో అదే తన లాగ్ ఫైల్లో రాసిపెడుతుంది. ముందు చదవాల్సింది అదే. నేను చదివింది ఆఖరున. మా పుస్తకంలో లాగ్ ఫైళ్ళు పన్నెండో పాఠంలో ఉన్నాయి.

ఫైలు తెరిచాను. ఒకే ఇంగ్లీషు వాక్యం, వరసగా, గుమస్తా ఎన్నిసార్లు ప్రయత్నించాడో అన్నిసార్లు ఉంది. నూటెనిమిది అన్నది అతిశయోక్తి కాదని అప్పుడు తెలిసింది. ఆఖరి చీటీ మీదున్న సమయం ఇంకా రానే లేదు, కాబట్టి మొదలవను అని దాని సారాంశం. ఎవరూ గడియారం వెనక్కి తిప్పి పాత తేదీలతో దొంగ చీటీలు వెయ్యకుండా, రాసినవాడు పెట్టిన కట్టుబాటు అది. చీటీల ఫైలు చూస్తే అందులో ఉన్నదే ఒక్క చీటీ. ఒకటో నంబరు. సమయం బుధవారం ఉదయం తొమ్మిది నలభై.

"ఇవాళ వారమేమిటి?" అన్నాను.

"మంగళవారం సార్."

"మరి రేపు పొద్దున్న వేసిన చీటీ ఇవాళే ఎలా ఉందయ్యా?"

గుమస్తా కుంకుమ తడుముకున్నాడు. "అది... సీజన్ మొదటి చీటీకి ముహూర్తం బుధవారమే సార్. మా సారు ఆ దినం ఊళ్ళో ఉండడు. సోమవారం పొద్దున ఎనిమిది గంటలకి వచ్చి, ఇప్పుడే ఏసెయ్, చీటీ మీద మాత్రం ముహూర్తం ఉండాల అన్నాడు. సోమవారం ఎనిమిదంటే సరిగ్గా రాహుకాలం. నేనేం సేసేది? గడియారం బుధవారానికి తిప్పి, సారు తోపులోని కాయే తూకమేసి, చీటీ తీసి, మళ్ళా సోమవారానికి పెట్టేసినా. ఎట్ల ఉన్నిందో అట్లనే పెట్టినా సార్! అందుకే మీకు సెప్పలేదు."

అంటే ఎవరూ ఏమీ ముట్టుకోకపోయినా, ఆ సర్వీసు బుధవారం తొమ్మిది నలభై దాటాక సుబ్బరంగా లేస్తుంది. ఊళ్ళో అందరికంటే నిష్ఠగా ముహూర్తం పాటిస్తున్నది కంప్యూటరే.

"మళ్ళా బుధవారానికి తిప్పేస్తే పోలే?" అన్నాడు గుమస్తా ఆశగా.

"అప్పుడు ఇవాళ్టి చీటీలన్నీ రేపటివి అవుతాయి. ఎప్పుడు వెనక్కి తిప్పినా ఇదే తంతు. మొదటి చీటీకి అసలు సమయం రాయడమొక్కటే దారి. సోమవారం ఎనిమిది."

"రాహుకాలం సార్!"

కిటికీలోంచి రైతమ్మ అందుకుంది. "కాయికి రాహుకాలం తెలీదు, ఎండ తెలస్తాది. మీ సారుకు ఫోన్ కొట్టు మొదట."

వేలూరులో వియ్యంకుల ఇంట్లో ఉన్న యజమాని దొరికాడు. ఆయన మాట్లాడితే ఫోన్ అనవసరం, వేలూరునుంచి నేరుగా వినిపించేది. గుమస్తా జరిగిందంతా చెప్పాడు.

"దేవుని పటం ముందర నేను పెట్టిన చీటీలో ఏ వారం ఉండాది?"

"బుధవారం సార్."

"దేవుడు సదివేది ఆ చీటీనా, మీ మిషనా?"

"చీటీనే సార్."

"మరి మిషన్‌లో ఏముంటే నాకేందిరా? రాసి సావు. లోడు దించుకో."

ముందుగా ఆ ఫైలుకి నకలు తీసి పక్కన పెట్టాను. ధైర్యం లేనివాడికి నకలే కులదైవం. తరవాత బుధవారాన్ని సోమవారం చేసి, సర్వీసుకి ఆజ్ఞ ఇచ్చాను. తెర మీద ఆకుపచ్చగా 'ఓకే' వచ్చింది. గుమస్తా కంప్యూటర్‌కి దండం పెట్టాడు. నేనూ పెట్టబోయి, జుట్టు సర్దుకున్నట్టు చేశాను.

రైతమ్మ ట్రాక్టరు కాటా ఎక్కింది. కాయలు దించేచోట కాయ నాణ్యత చూసే ఆయన పైవరసల్ని ఏమీ అనలేదు. అడుగుకి వచ్చేసరికి ఒక్కో కాయా నొక్కి, నాలుగు గంపలు పక్కకు తీసి పెట్టేశాడు. వాటి బరువు తూకం నుంచి తగ్గించాక చీటీ అచ్చయింది. మిగిలిన లోడంతా లోపలికి పోయింది.

ఆమె చీటీ నాకిచ్చి చదవమంది. రెండో నంబరు, మంగళవారం, పన్నెండు ముప్పావు అని చదివాను.

"నేను వచ్చింది ఆదివారం కదా నాయనా. ఆ రెండు దినాలు దీంట్లో యాడ రాసినారు?"

కాటా ఎక్కినప్పటి సమయం తప్ప ఇంకేమీ రాయడానికి ఆ మిషన్‌లో చోటు లేదని చెప్పాను. ఆమె చీటీని మడిచి రొంటిన దోపుకుని, "అయితే నా రెండు దినాలు ఆ నాలుగు గంపల్లోనే ఉండాయి. వాటిని మళ్ళా నా బండికే ఎక్కించమను" అంది. గుమస్తా ఒకవైపు, నేనొకవైపు పట్టుకుని ఎక్కించాం.