అత్త లేపిన నేల

మొన్న పొద్దున నిజామాబాదులో ఆఫీసుకు బయలుదేరుతుంటే బోధన్ నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది. చాయ పెడుతనని లేసి, గట్లనే కూలబడ్డది," అన్నాడు. వెంటనే, "నేల మీద పండబెట్టాలంటుండ్రు. నడిమింట్ల పలకలు తీస్తున్న. జల్ది రా," అని పెట్టేశాడు.

ఆ పలకల సంగతి చెప్పకుండా మా మేనత్త గురించి చెప్పలేను.

అత్త ఇల్లు బోధన్‌లో ఒక పల్లపు వీధిలో ఉంది. కట్టిన నాడు అది పల్లం కాదు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తూ పోయారు, ఇల్లు కింద మిగిలిపోయింది. "మా ఇల్లు కుంగలే బిడ్డా, రోడ్డే నెత్తికెక్కింది," అనేది అత్త. వీధి మోరీ కాలువ పొంగితే నీళ్లు నేరుగా నడిమింట్లోకే వచ్చేవి.

మామ చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లు చెరకు తూకం దగ్గర పనిచేశాడు. పక్షవాతంతో కుడి పక్క పడిపోయాక చక్రాల కుర్చీకే పరిమితమయ్యాడు. ఒక వానకు ఇంట్లోకి నీళ్లొస్తే బావ, పక్కింటివాళ్లు ఆయన్ను దుప్పట్లో వేసి ఎదురింటి డాబా మీదికి మోశారు. మెట్ల మీద ఎవరిదో కాలు జారింది. మామ తల మెట్టుకు కొట్టుకుంది. గాయం మానింది గానీ, ఆ తర్వాత మబ్బు పడితే చాలు, ఆయన ఎడమ చెయ్యి కుర్చీ చక్రాన్ని పట్టుకొని వదిలేది కాదు. అత్త ఆ చేతినే చూస్తుండేది. "ఇంకోసారి ఈ మనిషిని మూట లెక్క మోయనియ్య," అంది.

ఫోన్‌లో ఎక్కడో చూసి ఎత్తు నేల సామాను తెప్పించింది. అట్టపెట్టెల్లో వచ్చింది. మర తిప్పితే పెరిగే పొట్టి కాళ్లు, వాటి మీద ఒకదాన్నొకటి పట్టుకొని ఉండే ప్లాస్టిక్ పలకలు. సిమెంటుతో పనిలేదు, మేస్త్రీతో పనిలేదు. నేను సెలవు పెట్టి వెళ్లాను. పాత షాబాదు బండల మీద కాళ్లు నిలిపి, పలక బిగించి, దాని మీద అత్త ఒక నిమ్మకాయ పెట్టేది. దొర్లితే మళ్లీ మర తిప్పేది. కదలకుండా నిలిస్తే, "ఇగ పో," అని పక్క పలకకు జరిగేది. అంచుల వెంట పురుగూ పుట్రా దూరకుండా జాలీ కొట్టించింది.

బావకు ఇది నచ్చలేదు. నేల లేచేసరికి తలుపుల అడుగు కోయించాల్సి వచ్చింది, ద్వారబంధం అతని నెత్తికి తగలడం మొదలైంది. "కిరాయింటికి పోదమంటే ఇనవు. గీ ప్లాస్టిక్ కాళ్లను నమ్ముకుంటవా?" అని కసిరేవాడు.

"ఈ గోడలు మీ నాయిన చేతికి ఎరుక. కొత్తింట్ల తడుముకుంట బతకాల్నా? నీళ్లకు తొవ్వ ఇయ్యాలె, మనిషికి జాగ ఇయ్యాలె. ఇల్లంటే గదే," అనేది.

వానాకాలమంతా ఆమెకు ఒకటే అలవాటు. లేవగానే మడమతో పలకను తట్టి వినేది. కింద నీళ్లు లేక డొల్లగా మోగితేనే పొయ్యి దగ్గరికి పోయేది.

నిరుడు వానల్లో ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నానికి వీధి కాలువైంది. నీళ్లు గడప దాటి నేల కిందికి దూరాయి. అత్త ముందు మెయిన్ స్విచ్ ఆపింది. కిటికీ పక్క పలకను మూతలా ఎత్తి పక్కన పెట్టింది. కింద నల్లటి నీళ్లు సుళ్లు తిరుగుతూ మర చుట్లను ఒక్కొక్కటే మింగుతున్నాయి.

బావ తడిసిన బట్టలతో దుకాణం నుంచి పరిగెత్తుకొచ్చాడు. "నాయినను లేపుండ్రి. ఎదురింటికి పోదం," అన్నాడు. మామ చెయ్యి చక్రం మీద బిగుసుకుంది.

"ఆగు," అంది అత్త.

"ఎంతసేపు ఆగుడు? పలకలకు తాకితే తెప్ప లెక్క తేల్తయి. అప్పుడు ఏం జేస్తవు?"

అతను అంటుండగానే వంటింటి వైపు మూల పలక కొద్దిగా లేచింది. సందుల్లోంచి నీళ్లు చిమ్మాయి. అత్త పోయి దాని మీద నిలబడింది. అది అణిగింది, పక్కది లేచింది. "బరువు తెండ్రి! ఏది దొరికితే గది!" అని అరిచింది. నేను బియ్యం బస్తా ఈడ్చాను. బావ తిట్టుకుంటూనే కుట్టుమిషను తెచ్చాడు, గ్యాసు బండ తెచ్చాడు. మేమిద్దరం చెరో మూల నిలబడ్డాం. ఇంకో మూల కదులుతూనే ఉంది. పెట్టడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు.

అప్పుడు మామ తడబడే మాటతో అన్నాడు. "నన్నెందుకు ఉత్తగ కూసోబెట్టిండ్రు? ఆ మూలకు నూకుండ్రి. నా అంత తూకపు రాయి మీకు యాడ దొరుకుతది?"

బావ తండ్రి ముఖంలోకి చూశాడు. కుర్చీని మెల్లగా ఆ మూలకు నెట్టి బ్రేకు వేశాడు. మూల అణిగింది. మామ చక్రం మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

నలుగురం నాలుగు మూలలా అలాగే ఉన్నాం. బయట ఎవరో గడ్డపారతో మోరీలో అడ్డుపడ్డ చెత్త తవ్వుతున్న చప్పుడు. చాలాసేపటికి అత్త మడమతో తట్టింది. ముద్దగా వినిపించింది. మళ్లీ తట్టింది. మళ్లీ. చివరికి ఒకసారి పలక కింద గాలి పలికింది.

"నీళ్లు తీస్తున్నయి," అని అక్కడే కూలబడింది. బావ పక్కన కూర్చుంటే అతని తడి జుట్టు తుడుస్తూ, "నాకు గూడ భయమైంది కొడుకా. చెప్తే నువ్వు మీ నాయినను లేపుకపోతుంటివి," అంది. బావ ఆ తర్వాత ఎప్పుడూ కిరాయింటి మాట ఎత్తలేదు.

మర్నాడు ఎండ కాసింది. మామ కుర్చీని ఇంట్లో ఒక పక్కకు జరిపి, రెండో పక్క పలకలు ఊడదీసి ఒండ్రు కడిగాం. వీధి గోడ పొడవునా ఆరబెట్టాం. ఇప్పటికీ నా కళ్ల ముందు అత్త చీర కుచ్చిళ్లు దోపుకొని, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఒక్కో పలకనూ తిప్పి ఎండకు పెడుతోంది. దారిన పోయేవాళ్లు, "గివేంది అవ్వా?" అని అడిగితే, "మా ఇల్లు. ఎండుతున్నది," అంటోంది.